ట్యూరిన్ వస్త్రం: సంతకాలు పోల్చేవాడి చేతికి వచ్చిన ఒక పాత కేసు

ముప్పై ఏళ్లు వివాదాస్పద పత్రాలు పరీక్షించి రిటైరైనవాణ్ణి. వీలునామాలు, అమ్మకం దస్తావేజులు, ప్రామిసరీ నోట్లు, ఆకాశరామన్న ఉత్తరాలు, ఇవే నేను చూసిన సరుకు. నిరుడు తపస్సుకాలంలో గుంటూరు వైపు ఒక చర్చి నుంచి విచారణ గురువుగారు ఫోన్ చేశారు.

"సార్, మా యువతకి డిబేట్ పెడుతున్నాం. ట్యూరిన్ వస్త్రం నిజంగా ఏసు ప్రభువుని చుట్టిన బట్టేనా, కాదా అని. మీరు జడ్జిగా రావాలి."

"ఫాదర్‌గారూ, నేను జడ్జి పని ఎప్పుడూ చేయలేదండి. బోనులో నిలబడి సాక్ష్యం చెప్పడమే తెలుసు."

"అయితే సాక్షిగానే రండి" అన్నారాయన. తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

అలవాటు పోదు కదా, ఒక ఫైలు కట్టాను. సర్వీసులో ఏ కేసు వచ్చినా చేసినట్టే: ఎగ్జిబిట్ ఏమిటి, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, దేనితో పోల్చారు, శాంపిల్ ఎవరు తీశారు, ఎదుటి పక్షం ఏమంటోంది. ఆ ఫైలునే ఇక్కడ రాస్తున్నాను. రెండు సంగతులు ముందే చెప్పాలి. ఒకటి, ఎగ్జిబిట్ నా బల్ల మీదకు రాలేదు. అచ్చయిన పరీక్షా పత్రాలు చదివి చెబుతున్న మాటలివి. రెండు, మాది లూథరన్ కుటుంబం. పునీతుల అవశేషాలంటే మా ఇళ్లలో పెద్ద పట్టింపు లేదు. ఆ మొగ్గు నాలో ఎక్కడైనా పనిచేసి ఉంటే చదివేవాళ్లు తీసేసుకోవాలని దీన్ని మొదట్లోనే పెట్టాను.

ఎగ్జిబిట్

ఇటలీలోని ట్యూరిన్‌లో, బాప్తిస్మమిచ్చు యోహాను పేరిట ఉన్న కేథడ్రల్‌లో ఉందీ బట్ట. అవిసె నారతో నేసింది. పొడవు దాదాపు 4.4 మీటర్లు, వెడల్పు 1.1 మీటర్లు. దాని మీద ఒక మగమనిషి ఆకారం లేత గడ్డి రంగులో కనపడుతుంది. ముందు భాగం ఒకవైపు, వీపు భాగం ఇంకోవైపు, రెండు తలలూ మధ్యలో ఎదురెదురుగా. శవాన్ని బట్ట సగం మీద పడుకోబెట్టి, మిగతా సగం తల మీదుగా తిప్పి కాళ్లదాకా కప్పినట్టు. మణికట్టు దగ్గర, పాదాల దగ్గర, పక్కలో, నుదుటి మీద ఎర్రటి మరకలు. వీటన్నిటికంటే ముందు కంటికి ఆనేవి మాత్రం పొడుగునా రెండు వరసల్లో ఉన్న కాలిన మచ్చలు. 1532 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని షాంబెరీ చాపెల్ తగలబడింది. మడతపెట్టి వెండి పెట్టెలో దాచిన బట్ట మీద కరిగిన వెండి పడింది. మడతలన్నిట్లోంచీ కాలిపోయి, విప్పి చూస్తే ఒకే ఆకారం వరసగా అచ్చుగుద్దినట్టు తేలింది. 1534లో సన్యాసినులు ఆ చిల్లులకు అతుకులు వేశారు.

నేత గురించి ఒక మాట. మన చీరాలలోనో మంగళగిరిలోనో మామూలు నేతలో పేక ఒక పడుగు పోగు మీదుగా, ఒకదాని కిందుగా పోతుంది. ఇందులో ఒకదానికి మూడు లెక్క. మధ్యమధ్య దిశ మారుస్తూ చేప ముల్లు ఆకారంలో గీతలు వచ్చేలా నేశారు. ఖరీదైన పని. యెరూషలేము దగ్గర అకెల్దామాలో 2000లో ఒక రాతి సమాధిలో మొదటి శతాబ్దపు కఫను గుడ్డ (శవానికి చుట్టే బట్ట) ముక్కలు దొరికాయి. అవి మామూలు నేతవి, తలకు వేరే గుడ్డ చుట్టి ఉంది. యోహాను సువార్తలోనూ నారబట్టలు అని బహువచనమే, తల రుమాలు వేరుగా ఉన్నట్టే. ఇది కేసును తేల్చే సాక్ష్యం కాదు. ఒక్క సమాధిని చూసి ఊరంతటి ఆచారమూ చెప్పలేం. ఫైల్లో ఒక పక్కన రాసిపెట్టుకున్నానంతే.

కస్టడీ

మా పనిలో కాగితం కంటే ముందు అడిగేది, ఇన్నాళ్లూ ఎవరి దగ్గరుంది అని. ఈ బట్ట గురించి అనుమానం లేకుండా దొరికే మొదటి ఆచూకీ 1350ల్లో, ఫ్రాన్స్‌లోని లిరే అనే చిన్న ఊళ్లో. జెఫ్రాయ్ ద షార్నీ అనే యోధుడు కట్టించిన చర్చిలో ప్రదర్శించారు. ఆయన 1356లో పొయితియే యుద్ధంలో చచ్చిపోయాడు. యాత్రికులు కొనుక్కునే బిళ్ల ఒకటి పారిస్‌లో సేన్ నదిలో దొరికింది. దాని మీద బట్ట బొమ్మ, దాంతో పాటు షార్నీ వంశపు, ఆయన భార్య తరఫు వెర్జీ వంశపు చిహ్నాలు ఉన్నాయి. తర్వాత మనవరాలు మార్గరెట్ 1453లో సవోయ్ ప్రభువులకు ఇచ్చింది. 1578లో ట్యూరిన్‌కు చేరింది. 1983లో ఇటలీ చివరి రాజు ఉంబెర్తో చనిపోతూ పోప్‌కు రాసిచ్చాడు. 1350ల నుంచి ఈరోజు దాకా లంకె గట్టిదే.

దానికి ముందు? పదమూడు వందల ఏళ్లు ఖాళీ. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్న సైనికుల్లో రాబర్ ద క్లారీ అనేవాడు, అక్కడి ఒక చర్చిలో ప్రతి శుక్రవారం ఒక కఫనును నిలబెట్టి చూపేవాళ్లని రాశాడు. అది ఇదేనంటారు. కావచ్చు, కాకపోవచ్చు. "మా తాతగారి భూమి అక్కడెక్కడో ఉండేదట" అంటే సర్వే నంబరు ఇచ్చినట్టు కాదు.

లిరే నుంచే ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 1389లో, లిరే ఎవరి అధికారం కిందికి వస్తుందో ఆ త్రోయ్ బిషప్పు పియర్ దార్సీ, అవిన్యోన్‌లో పోప్‌గా కూర్చున్న ఏడవ క్లెమెంటుకు ఫిర్యాదు రాశాడు. తనకు ముందు బిషప్పుగా ఉన్న ఆన్రీ, సుమారు 34 ఏళ్ల కిందట విచారణ జరిపి ఇది మోసమని తేల్చాడనీ, బొమ్మ వేసిన చిత్రకారుడే ఒప్పుకున్నాడనీ అందులో ఉంది. బట్ట అసలుదేననే అసలువాదులు దీన్ని కొట్టేస్తారు: ఇది చిత్తుప్రతి, దార్సీకి ఆ చర్చివాళ్లతో తగాదా ఉంది, చిత్రకారుడి పేరు లేదు, ఆన్రీ స్వయంగా రాసిన కాగితమూ లేదు. లాయర్‌గా నేనున్నా అదే అనేవాణ్ణి. విన్నమాట సాక్ష్యం, అదీ శత్రువు నోట. కానీ 2025లో ఒక ఫ్రెంచి చరిత్రకారుడు ఇంకో సాక్షిని బయటకు తెచ్చాడు. నికోల్ ఒరెమ్ పద్నాలుగో శతాబ్దపు పెద్ద పండితుడు, తర్వాత లిజ్యూ బిషప్పు. ఆయన 1382లో చనిపోయాడు, అంటే దార్సీ ఫిర్యాదుకు ఏడేళ్ల ముందే. చర్చివాళ్లు కానుకల కోసం చేసే మోసాలకు ఉదాహరణ ఇస్తూ ఒరెమ్ చెప్పింది ఈ బట్ట సంగతే. త్రోయ్ తగాదాలో పక్షం కాని మనిషి అదే మాట అనడం వేరు. దీంతో దార్సీ ఒంటరి సాక్షి కాకుండా పోయాడు.

ఇంకొకటి కూడా నాకు ముఖ్యమనిపించింది. ఫిర్యాదు అందాక క్లెమెంటు ప్రదర్శనను ఆపలేదు. కానీ ఇది నిజమైన కఫను కాదు, దాని రూపం మాత్రమే అని జనానికి గట్టిగా చెప్పాలని 1390లో షరతు పెట్టాడు. ఇద్దరినీ నొప్పించకుండా ఇచ్చిన ఆర్డరు. అలాంటివి మన ఆఫీసుల్లోనూ చూశాను.

నెగెటివ్

1898 మే 28 రాత్రి సెకొందో పియా అనే లాయరు, అభిరుచితో ఫోటోగ్రఫీ చేసేవాడు, పెద్ద గాజు ప్లేటు మీద ఈ బట్టను ఫోటో తీసి డార్క్‌రూంలో కడిగాడు. నెగెటివ్‌లో ముఖం వెలుగునీడలు తారుమారై కనపడాలి కదా? తీరా చూస్తే అదే సహజంగా ఉంది. అంటే బట్ట మీద ఉన్న బొమ్మే నెగెటివ్‌లా ఉందన్నమాట. ప్లేటు చేతిలోంచి జారి పడబోయిందని చెబుతారు. అప్పటిదాకా ఒక ఊరి భక్తిగా ఉన్నది ఆ రాత్రి నుంచి ప్రపంచ వివాదమైంది. వింతేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే కేథలిక్ గురువూ చరిత్రకారుడూ అయిన యులిస్ షెవాలియే పాత రికార్డులన్నీ తవ్వి తీసి, ఇది పద్నాలుగో శతాబ్దపుదని రాశాడు. ఈ గొడవ మతానికీ సైన్సుకీ మధ్య అనుకునేవాళ్లు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

1978 అక్టోబరులో స్టర్ప్ అనే అమెరికన్ శాస్త్రవేత్తల బృందానికి 120 గంటలు బట్టను పరీక్షించే అవకాశం దొరికింది. ఎక్స్-రే, అల్ట్రావయొలెట్, ఇన్‌ఫ్రారెడ్, గమ్ టేపులు, అన్నీ వాడారు. 1981లో వాళ్లు చెప్పిందేమిటంటే: బొమ్మను కలిగించేంత రంగు పూత కనపడలేదు, నార పోగుల పైపైన మాత్రమే రంగు మారింది, మరకల్లో హీమోగ్లోబిన్ ఉంది, బొమ్మ ఎలా వచ్చిందో తెలియదు. అదే టేపులు చూసిన వాల్టర్ మెక్‌క్రోన్ మాత్రం, కాదు, ఇది ఎర్ర మట్టి, సింధూరం కలిపిన రంగు అన్నాడు. మెక్‌క్రోన్ మా లైనువాళ్లకు తెలిసిన పేరే. యేల్ యూనివర్సిటీలోని విన్‌లాండ్ మ్యాప్ (కొలంబస్‌కు ముందే అమెరికా తీరం గీసిన పటమని చెప్పుకున్నది) సిరాలో ఇరవయ్యో శతాబ్దపు టైటానియం రంగు ఉందని 1974లో చెప్పాడు. అప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 2021లో యేలే అది నకిలీ అని ప్రకటించింది. అయినా మ్యాప్‌లో గెలిచాడు కాబట్టి బట్టలోనూ గెలిచినట్టే అనడం మా పనిలో కుదరదు. రక్తమా, రంగా అన్న తగువు నాకు తేలినట్టు అనిపించలేదు. తేలకపోయినా కేసుకు నష్టం లేదు. నిజమైన రక్తం పద్నాలుగో శతాబ్దంలోనూ దొరికేది.

పుప్పొడి, నేను చేసిన పాత తప్పు

డిబేట్‌లో అసలువాదుల వైపు నుంచి ఒక కుర్రాడు మాక్స్ ఫ్రై పేరెత్తాడు. స్విట్జర్లాండ్ పోలీసు ఫోరెన్సిక్ నిపుణుడు. 1973లో, 1978లో టేపుతో బట్ట మీది దుమ్ము తీసి, పాలస్తీనా, టర్కీ ప్రాంతాల మొక్కల పుప్పొడి ఉందన్నాడు. వినడానికి బలమైన సాక్ష్యమే. కానీ అదే 1978లో స్టర్ప్ తీసిన టేపుల్లో పుప్పొడి చాలా తక్కువ.

ఈ ఫ్రై 1982లో ఇంకో కేసులోనూ ఉన్నాడు. హిట్లర్ డైరీలని చెప్పిన పుస్తకాల చేతిరాత అసలుదేనని అభిప్రాయం ఇచ్చినవాళ్లలో ఆయనొకడు. మరుసటి ఏడాది అవి కోన్రాడ్ కుయావ్ అనేవాడు రాసిన దొంగ డైరీలని బయటపడింది. ఫ్రై పోలిక తప్పు చేయలేదు. పోల్చడానికి ఆయనకు ఇచ్చిన "అసలు" కాగితాల్లో కూడా కుయావ్ రాసినవి కలిశాయి. రెండూ ఒకే చేతివని చెప్పాడు. నిజమే, ఒకే చేతివి!

ఇది చెబుతూ హాల్లో అందరూ నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు. సర్వీసులో నాలుగో ఏడు. ఒక విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం కేసు. పోల్చడానికి ఆరు సంతకాలు పంపారు. సరిపోయాయని రాశాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరుగారు ఒక్కటే అడిగారు: "ఈ ఆరూ ఆయనవేనని మీకు ఎవరు చెప్పారండీ?" అందులో మూడు నిందితుడు పెట్టినవే. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. ఆ తర్వాత ఏ కేసు వచ్చినా ముందు పోలిక కాగితాల కస్టడీ చూసేవాణ్ణి, వివాదంలో ఉన్న సంతకం తర్వాతే. బట్ట వయసు తేల్చడానికి 1988లో చేసిన కార్బన్ పరీక్షను కూడా అలాగే చదివాను.

1988

1988 ఏప్రిల్ 21న ట్యూరిన్ కేథడ్రల్‌లో ఒక మూల నుంచి సుమారు 7 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న పేలిక కత్తిరించారు. 1973లో ముక్క తీసిన చోటికి పక్కనే. ముక్కలు అరిజోనా, ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్ ల్యాబులకు వెళ్లాయి. ఒక్కోదానికి సుమారు 50 మిల్లీగ్రాములు. బ్రిటిష్ మ్యూజియం నుంచి మైకేల్ టైట్ పర్యవేక్షించాడు. పోలికకు వయసు ముందే తెలిసిన మూడు పాత బట్టలు జతచేశారు: నూబియా సమాధిలో దొరికిన నారబట్ట, ఈజిప్టు మమ్మీకి చుట్టిన గుడ్డ, పదమూడో శతాబ్దం చివరి నాటి ఒక ఫ్రెంచి గురువస్త్రం పోగులు. నాకు నచ్చింది ఇదే. ఆ మూడింటి వయసులూ మూడు ల్యాబుల్లోనూ సరిగ్గా వచ్చాయి. అంటే తూకం రాయి సరైనదే.

అక్టోబరు 13న ట్యూరిన్ ఆర్చిబిషప్పు కార్డినల్ బలెస్త్రెరో స్వయంగా ప్రకటించారు: బట్ట 1260కీ 1390కీ మధ్య నాటిది, 95 శాతం నమ్మకంతో. 1989 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో అచ్చయింది.

నేను ఆడిటర్‌నైతే ఈ పరీక్ష మీద రాసే అభ్యంతరాలు చిన్నవేం కావు. మొదట ఏడు ల్యాబులు, రెండు పద్ధతులు అనుకున్నది మూడు ల్యాబులకు, ఒక పద్ధతికి కుదించారు. శాంపిల్ ఒకే మూల నుంచి తీశారు, అదీ శతాబ్దాలుగా చేతులు పట్టి చూపించిన మూల నుంచి. కత్తిరించడం అంతా వీడియో తీసి, ముక్కల్ని స్టీలు డబ్బాల్లో పెట్టి సీలు వేసే ఘట్టం మాత్రం పక్కగదిలో, కెమెరా లేకుండా చేశారు. ల్యాబులకు ఏది ఏదో తెలియకూడదని అలా చేశామన్నారు. చేపముల్లు నేత చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కాబట్టి ఆ గోప్యతకు అర్థమే లేదు. పంచనామాలో సీలు వేసే క్షణం లేకపోతే మన కోర్టులో ఏమవుతుందో లాయర్లకు చెప్పక్కర్లేదు. పైగా ముడి లెక్కలు బయటికి ఇవ్వలేదు. 2017లో ఒక ఫ్రెంచి పరిశోధకుడు సమాచార హక్కు కింద అడిగితే గానీ బ్రిటిష్ మ్యూజియం నుంచి రాలేదు. వాటిని విశ్లేషించి 2019లో, మూడు ల్యాబుల అంకెలూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలవలేదని రాశారు. అది నిజమే. క్యాలెండరు లెక్కకు సరిచేయకముందు, 1950 నుంచి వెనక్కి ఆక్స్‌ఫర్డ్ 750 ఏళ్లంది, జ్యూరిక్ 676, అరిజోనా 646. తేడా ఒక్కొక్కరు చెప్పుకున్న పొరపాటు హద్దుల కంటే ఎక్కువ.

అసలువాదులు ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. నేను ఇంకో అడుగు వేసి అడుగుతాను: ఈ తగువు ఎన్నేళ్ల తేడా గురించి? వందేళ్ల గురించి. పదమూడో శతాబ్దమా, పద్నాలుగా అని. పదమూడు వందల ఏళ్ల గురించి కాదు. ఇద్దరు కరణాలు గట్టు రెండు గజాలు ఇటా, అటా అని కొట్టుకుంటే, ఆ పొలం పక్క జిల్లాలో ఉందని నిరూపణ అయిపోదు.

మురికి లెక్క

"పొగ, మైనం, చేతి చెమట, బ్యాక్టీరియా పొర, ఇవన్నీ పట్టి వయసు తగ్గిపోయి ఉండొచ్చు కదండీ?" డిబేట్‌లో మూడుసార్లు వచ్చిన ప్రశ్న ఇది. లెక్క బోర్డు మీద వేసి చూపించాను, ఇక్కడా వేస్తాను.

చెట్టు బతికున్నప్పుడు దాని కార్బన్‌లో కార్బన్-14 వంద పాళ్లు అనుకుందాం. కోసిన దగ్గర నుంచి అది తరుగుతూ పోతుంది, 5,730 ఏళ్లకు సగమవుతుంది. మొదటి శతాబ్దపు నారలో ఇప్పటికి సుమారు 79 పాళ్లు మిగలాలి. పద్నాలుగో శతాబ్దపు నారలో సుమారు 92. ల్యాబులకు కనపడింది 92. బట్ట నిజంగా మొదటి శతాబ్దానిదై, కొత్త మురికి వల్ల 79 కాస్తా 92గా కనపడాలంటే, ఉన్న 21 పాళ్ల లోటులో 13 పాళ్లు మురికే పూడ్చాలి. అంటే శాంపిల్ కార్బన్‌లో 60 శాతానికి పైగా ఈ కాలపు మురికి అయ్యుండాలి. 50 మిల్లీగ్రాముల ముక్కలో 30 పైన మురికి, 20 లోపు బట్ట. అదీ ల్యాబులు అల్ట్రాసౌండ్‌తో, యాసిడ్‌తో, క్షారంతో ఉతికిన తర్వాత. మురికి 1532 నాటి మంటల కాలానిదైతే ఇంకా కష్టం. అప్పటి కార్బన్ కూడా కొంత తరిగిపోయింది కాబట్టి ముక్కలో ముప్పావు వంతుకు తక్కువ కాకుండా అదే ఉండాలి. అలాంటి దాన్ని బట్ట అనరు. మసి అంటారు.

పునరుత్థాన సమయంలో వెలువడిన కిరణాల వల్ల కార్బన్-14 పెరిగిందనే వాదన కూడా ఉంది. దాన్ని నేను క్రాస్ చేయలేను. అద్భుతాన్ని లెక్కలోకి తెచ్చాక ఏ అంకెనైనా ఏ అంకెకైనా సరిపెట్టవచ్చు. ఫాదర్‌గారు కూడా దాన్ని అక్కడితో ఆపేశారు.

రఫూ

అన్నిటికంటే తెలివైన అభ్యంతరం ఇది. ఆ మూల చిరిగితే పదహారో శతాబ్దంలో ఎవరో కంటికి కనపడకుండా కొత్త నూలుతో రఫూ చేశారనీ, 1988లో కత్తిరించింది ఆ రఫూ ముక్కేననీ వాదన. దీనికి కెమిస్టు రేమండ్ రోజర్స్ మద్దతు దొరికింది. స్టర్ప్ సభ్యుడు, భక్తుడు కాదు, మొదట్లో ఈ రఫూ మాటను కొట్టిపారేసినవాడే. 2005లో, ఆ మూల పోగుల్లో పత్తి, జిగురు, రంగు ఉన్నాయనీ, మిగతా బట్టలో అవి లేవనీ రాశాడు. నిజాయితీ గల మనిషి. కానీ ఆయన చూసిన పోగులు ఎవరి చేతి మీదుగా వచ్చాయన్నది చిక్కు ప్రశ్న. బయట తిరుగుతున్న ఏ ముక్కకూ, ఇది ఆ బట్టదే అని తాము హామీ ఇవ్వలేమని ట్యూరిన్ ఆర్చిబిషప్పు సల్దరీని 1995లోనే ప్రకటించారు. తర్వాత 2010లో అరిజోనా ల్యాబు తన దగ్గర మిగిలిన అసలు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టింది. ఒకటీ రెండూ పత్తి పోగులు తప్ప రంగు పూత గానీ, అతుకు గానీ కనపడలేదని చెప్పింది.

నాకు చదివి ఊరుకోబుద్ధి కాలేదు. ఇంట్లో పాత నార చొక్కా ఒకటి ఉంది, జేబు దగ్గర చిల్లు. హైదరాబాద్ పాతబస్తీలో రఫూ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. "పైనుంచి అస్సలు కనపడకూడదు భాయ్" అన్నాను. ఆయన చొక్కా అంచు మడతలోంచే పోగులు లాగి, సూదితో ఒక్కొక్క పోగు కిందా మీదా దూర్చుతూ పెసరబద్దంత చోటుకు గంటన్నర కూర్చున్నాడు. పైనుంచి చూస్తే నిజంగానే ఎక్కడ చేశాడో వెతుక్కోవాల్సి వచ్చింది. చొక్కా తిరగేశాను. పది రెట్ల భూతద్దంలో పోగుల కొసలు చిన్న మీసాల్లా లేచి కనపడ్డాయి. "వెనక్కి ఎవరు చూస్తారు సాబ్?" అని నవ్వాడాయన.

ట్యూరిన్ బట్ట వెనక్కి చూసినవాళ్లున్నారు. 2002లో పాత అతుకులూ, వెనక కుట్టిన లైనింగూ విప్పి మరమ్మతు చేసిన బట్టల నిపుణురాలు మెక్‌టిల్డ్ ఫ్లూరి-లెంబర్గ్ రెండు వైపులా చేత్తో తడిమి చూసింది. ఆవిడ బట్ట అసలుదేనని నమ్మే మనిషి. ఆ మూలలో రఫూ లేదని చెప్పిందీ ఆవిడే. తన నమ్మకానికి అక్కరకొచ్చే వాదనను నిపుణురాలే కాదంటే, దాని బరువే వేరు.

ఇక్కడ మన దేశం సంగతీ ఒకటి వచ్చింది. 2015లో ఇటాలియన్లు బట్ట నుంచి వాక్యూమ్‌తో తీసిన దుమ్ములో డీఎన్‌ఏ చూస్తే, యూరప్, పశ్చిమాసియా మనుషులతో పాటు భారతదేశపు వంశాలవీ కనపడ్డాయి. బట్ట ఇండియాలో నేసి ఉండొచ్చని వాళ్లు ఒక ఊహ కూడా చేశారు. వాట్సాప్‌లో "ఏసు కఫను మన దేశానిదే" అని నాకే నలుగురు పంపారు. అదే దుమ్ములో అమెరికా ఖండపు మొక్కల డీఎన్‌ఏ కూడా ఉందన్న ముక్క మాత్రం ఎవరూ పంపలేదు. కొలంబస్ కంటే ముందు ఈ బట్ట అమెరికా వెళ్లి రాలేదు కదా. ఆరున్నర శతాబ్దాలుగా వేలమంది దాని ముందు నిలబడి ఊపిరి పీల్చారు, దగ్గారు, ముద్దులు పెట్టారు. ఆ దుమ్ము వాళ్లది.

ఆ అమ్మాయి ప్రశ్న

నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, బొమ్మ ఎలా వచ్చిందో ఇంతమంది సైంటిస్టులు చెప్పలేకపోతున్నారు. అలాంటప్పుడు అది నకిలీ అని మీరెలా అంటారు?" ఆ రోజు అందరిలోకీ మంచి ప్రశ్న అదే.

ఆ అమ్మాయికి ఒక దస్తావేజు కథ చెప్పాను. 1968 తేదీతో ఒక అమ్మకం పత్రం. సంతకం అద్భుతం. నేను వారం రోజులు కుస్తీ పట్టినా దొంగ సంతకమని చెప్పే ఒక్క వణుకూ, ఒక్క ఆగిన చోటూ దొరకలేదు. ఎలా చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అది రాసిన స్టాంపు పేపరు వరస నంబరు గురించి నాసిక్ ప్రెస్‌కు రాస్తే, ఆ వరస అచ్చయిందే 1971లో అని జవాబొచ్చింది. అక్కడితో సంతకం గొప్పతనం కేసులోంచి బయటికి పోయింది.

"అంటే బట్ట స్టాంపు పేపరూ, బొమ్మ సంతకమా సార్?"

"అంతేనమ్మా. సంతకం ఎలా చేశాడన్నది ఇంకో కేసు. అదీ తెరిచే ఉంది." బొమ్మను అలాగే తయారుచేసి చూపినవాళ్లున్నారు. 2009లో గర్లాస్కెల్లి అనే ఇటాలియన్ కెమిస్టు మనిషి మీద బట్ట పరిచి, రుద్ది, ఆమ్లం ఉన్న రంగుతో దగ్గరగా తెచ్చాడు. పోగు పైపొరలో మాత్రమే రంగు మారడాన్ని అతనూ పూర్తిగా తేలేకపోయాడని ఎదుటివాళ్లు అంటారు. ఆ మాటలో పస ఉంది. మధ్యయుగపు పనివాడి చేతిలో మనకు తెలియని కిటుకు ఉండటంలో ఆశ్చర్యమేముంది? మన లేపాక్షి వేలాడే స్తంభం చూసి ఎన్ని తరాలు తల గోక్కున్నాయో.

2022లో ఇటలీలో ఎక్స్-రేతో నార అణువుల అరుగుదల కొలిచి, రెండు వేల ఏళ్లు సరిపోతాయని ఒక పత్రం వచ్చింది. ఒక్క పోగు మీద చేసిన పరీక్ష, కొత్త పద్ధతి. పైగా ఆచూకీ లేని ఆ పదమూడు శతాబ్దాలూ బట్ట సగటున 20 నుంచి 22.5 డిగ్రీల మధ్య ఉండి ఉంటేనే అన్న షరతు మీద నిలబడింది. ఆ శతాబ్దాల్లో అది ఎక్కడుందో చెప్పే కాగితమే లేదు. దాన్ని పక్కన పెట్టాను.

అభిప్రాయం

పాత ఫార్మాట్‌లోనే రాసి ఫాదర్‌గారికి ఇచ్చాను: "అచ్చయిన పరీక్షల మేరకు, శాంపిల్ తీసిన చోట బట్ట పదమూడు, పద్నాలుగో శతాబ్దాలది. మిగతా బట్టకు అది వర్తించదనడానికి నిలబడే ఆధారం కనపడలేదు. బొమ్మ తయారైన పద్ధతి తేలలేదు. శాంపిల్ తీయడంలో లోపాలు ఉన్నాయి. మరొకసారి పరీక్షించడం మంచిది." వేటికన్‌వాళ్లూ దీన్ని అసలు కఫను అని ప్రకటించకుండా, ధ్యానించదగ్గ రూపమనే అంటున్నారు. 1998లో రెండవ జాన్ పాల్ ఇది విశ్వాసానికి సంబంధించిన విషయం కాదని, పరిశోధన శాస్త్రవేత్తల పని అని ట్యూరిన్‌లోనే చెప్పారు. ఫాదర్‌గారు నా కాగితం చదివి, "ఆరు వందల ఏళ్ల కిందట క్లెమెంటు పెట్టిన షరతు కూడా ఇదే కదండీ" అన్నారు. నేనింత రాసీ పట్టుకోని పోలిక ఆయన పట్టుకున్నారు.

మళ్లీ పరీక్ష అంటే మళ్లీ కత్తెర పెట్టాలా అని ఆ నర్సింగ్ అమ్మాయే అడిగింది. అక్కర్లేదు. 2002 మరమ్మతులో, 1532 మంటలకు బొగ్గైపోయి అతుకుల కింద దాక్కున్న ముక్కల్ని బట్టలో చాలా చోట్ల నుంచి గీకి తీసి, సీసాల్లో దాచారు. కార్బన్ పరీక్షకు బొగ్గు కంటే మంచి సరుకు లేదు. చేతులు పట్టిన మూల కాదు, ఏ రఫూగరూ ముట్టని నడిమి భాగాలు. ఎక్కడి నుంచి తీసిందో తెలిసిన శాంపిళ్లు. అవి ట్యూరిన్‌లోనే, సీలు వేసి ఉన్నాయి. పోప్ సంతకం ఒక్కటే కావాలి.